రెండు వారాలు వాడిన యంత్రం

మా అపార్ట్‌మెంటులో పాత సామాన్ల అమ్మకాల కోసమే ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పిల్లలు ఎదిగిపోయాక మిగిలిన సైకిళ్లు, ఊరు మారుతున్నవాళ్ల వాషింగ్ మెషిన్లు, ఎవరూ ఎక్కని ట్రెడ్‌మిల్లుల మధ్య ఈ మధ్య ఇంకొక వస్తువు తరచుగా కనిపిస్తోంది: "ఆటో సీపాప్, రెండు వారాలే వాడినది, మాస్కుతో సహా, సగం ధరకు." నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్కు గుండా ఒత్తిడితో గాలిని ఊదే యంత్రం సీపాప్, ఆ ఒత్తిడిని తానే సర్దుకునే రకం ఆటో సీపాప్. ఆ ప్రకటన చదివిన ప్రతిసారీ, ఆ ఇంట్లో ఒక మనిషి మళ్లీ పాత పద్ధతిలో, రాత్రంతా ఊపిరి ఆగుతూ ఆగుతూ నిద్రపోవడం మొదలుపెట్టారన్నమాట అనుకుంటాను. ఆ మనిషిని తర్వాత చూసిన డాక్టరు, అసలంటూ చూసి ఉంటే, ఫైలులో ఒక్క ముక్క రాసి ఉంటారు: పేషెంటుకు అలవాటు కాలేదు.

ఆ ముక్కతోనే నా పేచీ. సీపాప్‌ను అటక ఎక్కించినవాళ్లకు ఓపిక లేదనీ, క్రమశిక్షణ లేదనీ అనుకోవడం మనకు సులువు. నాకు మాత్రం, మన ఊళ్లలో యంత్రం అమ్ముడుపోవడంతోనే వైద్యం ముగిసిపోతోందని, అసలు పని మొదలుకావలసిన చోటే అందరూ చేతులు దులుపుకుంటున్నారని అనిపిస్తోంది. నేను కూడా ఆ యంత్రం పెట్టుకుని నిద్రపోయేదాన్నే. అమ్మకానికి పెట్టవలసిన స్థితి దాకా వెళ్లి, కొంత అదృష్టం కొద్దీ వెనక్కి వచ్చినదాన్ని కాబట్టి ఇది కాస్త వివరంగా రాయాలనుకున్నాను. జబ్బు గురించి మొదటినుంచీ చెప్పబోవడం లేదు. 2022 ఫిబ్రవరిలో సంగీత దర్శకుడు బప్పీ లహరి పోయినప్పుడు స్లీప్ ఆప్నియా (నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతూ ఉండే జబ్బు) అనే పేరు ఎలాగూ మన ఇళ్లలోకి వచ్చేసింది.

గురక ఒకరిది, జబ్బు ఇంకొకరిది

మా ఇంట్లో గురక పెట్టేది మా ఆయన. పెళ్లైన కొత్తలో మదనపల్లెలో మా మిద్దె మీద పడుకుంటే వీధిలో పోయేవాళ్లు తలెత్తి చూసేవారని మా తమ్ముడు ఇప్పటికీ చెబుతాడు. మా అత్తగారు మాత్రం అది కష్టపడి పనిచేసేవాడి నిద్ర అని సమర్థించేవారు. టీవీలో ఒక డాక్టరు మాటలు విని, ఆయన్ని స్లీప్ క్లినిక్‌కు పట్టుబట్టి తీసుకెళ్లింది నేనే. తోడు వచ్చిన మనిషిగా పక్క కుర్చీలో కూర్చున్న నాకు కూడా అక్కడి డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చింది. చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, భోజనం చేసి ఊరికే కూర్చున్నప్పుడు, ట్రాఫిక్‌లో బండి కాసేపు ఆగినప్పుడు కునుకు పట్టే అవకాశం ఎంత అని అడిగే ఎనిమిది ప్రశ్నలవి. ఒక్కో దానికి 0 నుంచి 3 దాకా మార్కులు. 1991లో మెల్‌బోర్న్‌లో మర్రే జాన్స్ అనే వైద్యుడు తయారుచేసిన ఎప్‌వర్త్ స్కేలు అది. 10 దాటితే పగటి నిద్రమత్తు ఉండవలసినదానికంటే ఎక్కువ ఉన్నట్టు లెక్క. మా ఆయనకు 5 వచ్చాయి, నాకు 16. బెంగళూరు ట్రాఫిక్‌లో కునుకు పట్టనివాళ్లు కూడా ఉంటారా అని నేను నవ్వబోతే ఆవిడ నవ్వలేదు.

పొద్దున తలనొప్పితో లేస్తారా అని అడిగింది. లేస్తాను. రాత్రి ఎన్నిసార్లు బాత్రూముకు వెళ్తారు అని అడిగింది. ఆ ప్రశ్నకు నిద్రతో ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. మూసుకుపోయిన గొంతులోంచి గాలిని లాగడానికి ఛాతీ పెనుగులాడుతున్నప్పుడు గుండె పై గదులు సాగుతాయనీ, అలా సాగినప్పుడు విడుదలయ్యే హార్మోను వల్ల మూత్రపిండాలు నీటిని ఎక్కువగా వదిలేస్తాయనీ ఆవిడ చీటీ వెనుక బొమ్మ గీసి చూపించింది. అంతకుముందు కొన్నేళ్లుగా ఇవే బాధలకు నాకు థైరాయిడ్ మాత్ర పెంచారు, ఐరన్ ఇచ్చారు, యాభై దాటిన ఆడవాళ్లకు ఇవన్నీ మామూలే అన్నారు. ఒకాయన ఇది ఆందోళన అని తేల్చి రాత్రిపూట వేసుకోవడానికి ఒక మాత్ర కూడా రాశారు. గొంతు కండరాలను ఇంకా సడలించే రకం మాత్ర అది. నేను ఎలా నిద్రపోతానో మా ఆయన్ని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. అడిగినా ఆయన చెప్పగలిగేవారు కాదనుకోండి, తన గురకలో తాను ఉండేవారు.

ఆడవాళ్లలో ఈ జబ్బు ఇల్లెగిరిపోయే గురకతో కాకుండా నిస్సత్తువగా, నిద్రలేమిగా, తలనొప్పిగా బయటపడడం ఎక్కువ. నెలసరి ఆగిపోయాక దీని అవకాశం పెరుగుతుంది కూడా. 2023లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినప్పుడు, పెద్దవాళ్లలో మగవారిలో 13 శాతం, ఆడవారిలో 5 శాతం మందికి ఇది ఉన్నట్టు తేలింది. మొత్తం మీద 10 కోట్ల పైమాట. ఆ 5 శాతాన్ని చూసినప్పుడు నాకు ఐరన్ మాత్రలు మింగుతూ తిరిగిన నా ఏళ్లు గుర్తొస్తాయి. అటువంటివాళ్లు ఏ లెక్కలోనూ ఎక్కరు కదా.

ఇంటికి ఇచ్చి పంపిన చిన్న పరికరంతో ఇద్దరికీ పరీక్ష చేశారు. గంటకు ఎన్నిసార్లు ఊపిరి పూర్తిగానో పాక్షికంగానో ఆగిందో చెప్పే అంకెను ఏహెచ్‌ఐ అంటారు. 5 లోపుంటే జబ్బు లేనట్టు, 15 దాకా స్వల్పం, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. వీధి వీధంతా విన్న మా ఆయన గురకకు వచ్చిన అంకె 4, అంటే అది ఉత్త గురకే. నాది 9. స్వల్పమే కదా అని నేను లేవబోతుంటే డాక్టరమ్మ ఆపింది. ఇంటి పరీక్షలో మెదడు తరంగాలు రికార్డు కావు కనుక, మనిషి మేలుకుని దొర్లిన గంటలు కూడా నిద్ర కిందే జమపడి అంకె తగ్గిపోతుందనీ, ఆక్సిజన్ పెద్దగా పడిపోకుండా నిద్రను మాత్రం చెదరగొట్టే ఆటంకాలు అందులో దొరకవనీ, ఆడవాళ్ల విషయంలో ఇది తరచుగా జరుగుతుందనీ చెప్పి ల్యాబులో ఒక రాత్రి పడుకోమంది.

ల్యాబులో వైర్లు అంటించిన కుర్రాడిది చింతామణి. కన్నడంలో మొదలుపెట్టి, ఫారం మీద నా పేరు చూసి తెలుగులోకి వచ్చాడు. జుట్టు పాయలు పాయలుగా విడదీసి, చర్మాన్ని గరుకు పేస్టుతో రుద్ది, ఒక్కో వైరునూ తెల్లటి జిగురు ముద్దతో అద్దాడు. కళ్ల పక్కన రెండు, గడ్డం కింద కొన్ని, పిక్కల మీద ఇంకొన్ని. ముక్కు కింద సన్నని గొట్టం, ఛాతీకి ఒక పట్టీ, పొట్టకు ఒక పట్టీ, వేలికి ఎర్రదీపం. ఇన్ని తగిలించుకుంటే నిద్రెలా పడుతుందయ్యా అంటే, "అందరూ ఇదే అంటారమ్మా, లైటు తీసిన కాసేపటికి లోపల నాకు గురక వినపడతాది" అన్నాడు. పొద్దున అవన్నీ విప్పుతూ తెర మీద ఒక ముక్క చూపించాడు. గాలి గీత చదునైపోయింది. దాని కింద ఛాతీ గీత పెనుగులాడుతూనే ఉంది. కొంతసేపటికి ఆక్సిజన్ గీత జారడం మొదలుపెట్టింది, ఆ తర్వాత మెదడు గీత ఒక్కసారిగా ఉలిక్కిపడింది, గాలి మళ్లీ ఆడింది. ఆ ఉలికిపాట్లలో ఒక్కటి కూడా నాకు జ్ఞాపకం లేదు. రిపోర్టులో ఏహెచ్‌ఐ 26 ఉంది. కలలొచ్చే నిద్ర వరకే లెక్కగడితే 50 దాటింది.

పెట్టె ఇంటికి వచ్చాక

ఇంత శ్రద్ధగా జబ్బును పట్టుకున్న చోట, చీటీలో వైద్యం కింద రాసి ఉన్నవి రెండే మాటలు: ఆటో సీపాప్. ఎంత ప్రెషర్ పెట్టాలి, ఏ రకం మాస్కు, ఏ సైజు, మళ్లీ ఎప్పుడు రావాలి, వచ్చేటప్పుడు ఏం తేవాలి, ఇవేవీ లేవు. దీన్ని డాక్టరమ్మ అశ్రద్ధ అనలేను. ఆవిడ గది బయట ఊపిరితిత్తుల రోగులు గోడ పొడవునా నిలబడి ఉన్నారు, ఆ ఆస్పత్రిలో మాస్కు అమర్చే మనిషి అంటూ ఎవరూ లేరు. రిసెప్షన్‌లో ఒక ఫోన్ నంబరు ఇచ్చారు. అది డీలరుది. యంత్రం, మాస్కు, గాలికి తేమ కలిపే హ్యుమిడిఫైయర్ కలిపి యాభై వేలు దాటింది. బీమా కంపెనీ ల్యాబు ఖర్చులో కొంత ఇచ్చి, యంత్రం మాత్రం మినహాయింపుల జాబితాలో ఉందని చెప్పి ఊరుకుంది.

డీలరు పంపిన అబ్బాయి పీణ్య నుంచి బైకు మీద వచ్చాడు. పెట్టె తెరిచి, గొట్టం బిగించి, నీళ్లు పోసి, సోఫాలో కూర్చున్న నా మొహానికి ముక్కూ నోరూ కలిపి మూసే మాస్కు తగిలించి, మీట నొక్కి, "అలవాటైపోతుంది మేడమ్" అన్నాడు. కాఫీ తాగే తీరిక కూడా లేకుండా వైట్‌ఫీల్డ్‌లో ఇంకొకరి ఇంటికి వెళ్లిపోయాడు. ప్రెషర్ కింది హద్దు 4, పై హద్దు 20. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అమరిక అదే, మిగతాది యంత్రమే చూసుకుంటుందన్నాడు. పెద్దవాళ్లలో చాలామందికి 4 దగ్గర మాస్కులో గాలి చాలినట్టు ఉండదు, ఊపిరాడక మాస్కు లాగేస్తారు. పైన 20 దాకా వదిలేస్తే, కాస్త జారిన మాస్కులోంచి గాలి కారుతున్నప్పుడు ప్రెషర్ పెరిగి, పెరిగిన గాలి మాస్కును ఇంకా లేపి, అర్ధరాత్రి చెంప మీద ఈల వినిపిస్తుంది. ఈ రెండూ నాకు మొదటి రాత్రే జరిగాయి. తెల్లవారేసరికి మాస్కు దిండు పక్కన ఉండేది, ఎప్పుడు తీశానో నాకు తెలిసేది కాదు.

ఈ వైద్యం పుట్టుక గురించి తర్వాత చదివినప్పుడు నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. 1980లో సిడ్నీలో కాలిన్ సలివన్ అనే వైద్యుడు దీన్ని మొదటిసారి ప్రయోగించే నాటికి, తీవ్రమైన ఆప్నియాకు నమ్మదగ్గ మార్గం గొంతుకు రంధ్రం చేయడం ఒక్కటే. 1981లో లాన్సెట్ పత్రికలో ఆయన బృందం ఐదుగురు రోగుల ఫలితాలు ప్రకటించింది. గాలి ఊదడానికి వాక్యూమ్ క్లీనర్ మోటారు వాడిన ఆ తొలి రోజుల్లో కూడా, మాస్కు మాత్రం ఒక్కో రోగి ముక్కుకు అచ్చు తీసి, ఆ ముక్కుకే సరిపోయేలా చేసి, ప్రతి రాత్రీ జిగురుతో అంటించేవారు. నలభై ఏళ్లు దాటాక, మోటారు అంగుళాల్లోకి తగ్గి, తనంతట తాను ఆలోచించడం నేర్చుకున్నాక, ముక్కు సంగతి మనం మరిచిపోయి అందరికీ ఎం సైజు ఇచ్చి పంపుతున్నాం. కళ్లద్దాల దుకాణంలో కూడా ఫ్రేము ముక్కు మీద సరిగ్గా కూర్చుందా లేదా అని రెండుసార్లు వంచి చూస్తారు.

నా విషయంలో ముక్కుతో పాటు ముక్కుపుడక కూడా ఉంది. మాస్కు అంచు సరిగ్గా దాని మీద పడేది. అక్కడ గాలి కారేది, పొద్దునకు ఆ చోట ఎర్రగా కమిలిపోయేది. నాకిచ్చిన చిన్న పుస్తకంలో గడ్డం పెంచినవాళ్ల గురించి ఒక మాట ఉంది గానీ ముక్కుపుడక ఊసే లేదు. తలకు కొబ్బరినూనె రాసుకున్న రోజు పట్టీలు జారేవి. శుక్రవారం పసుపు రాసుకుంటే సిలికాన్ మెత్త పచ్చబడిపోయేది, ఆ జిడ్డుకు అది త్వరగా పాడవుతుందని కూడా ఎవరూ చెప్పలేదు. బోరు నీళ్లు పోస్తే హ్యుమిడిఫైయర్ అడుగున తెల్లటి పొర కట్టింది. కాచిగూడ రైల్లో యంత్రం తీసుకెళ్దామనుకుంటే, అగ్నిప్రమాదాల భయంతో రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా ఛార్జింగు పాయింట్లు ఆపేయాలని రైల్వేవారు 2021లో తీసుకున్న నిర్ణయం ఒకటి అడ్డం వచ్చింది. ఇవేవీ పెద్ద కష్టాలు కావు. ఒక్కొక్కదానికి జవాబు కూడా ఉంది, ఆ జవాబు తెలిసిన మనిషి నాకు అందుబాటులో లేకపోవడమే ఇబ్బంది.

వీటికంటే బరువైనది ఇంకొకటి ఉంది. మా అమ్మ మదనపల్లె నుంచి వచ్చి ఉన్న రోజుల్లో, రాత్రి మంచినీళ్లకు లేచి మా గదిలోకి తొంగిచూసి అక్కడే నిలబడిపోయింది. "ఏందిమే ఇది, మీ చిన్నాయనకు పెట్టిన మాదిరి ఉండాదే. తీసెయ్, నాకు చూడబుద్ధి కాలేదు" అంది. మా చిన్నాయన 2021 మేలో కోవిడ్‌తో పోయాడు. చివరి వారం ఆయన మొహం మీద ఊపిరికి సాయం చేసే బైపాప్ యంత్రం మాస్కు ఉండగా వీడియో కాల్‌లో చూసిందే మా అమ్మకు ఆఖరి చూపు. ఆ ఏడాది తర్వాత మన ఇళ్లలో మొహానికి మాస్కు, దానికో గొట్టం, పక్కన హోరుమనే పెట్టె అంటే ఐసీయూయే. అమ్మకు చెప్పి ఒప్పించడం ఒక ఎత్తు, ఆ మాట విన్న తర్వాత నేను ప్రతి రాత్రీ దాన్ని మొహం మీదికి తెచ్చుకోవడం ఇంకో ఎత్తు. అలవాటు కాలేదని రాసేవారెవరూ ఈ ప్రశ్న అడగరు: దీన్ని ఇంతకుముందు ఎవరి మొహం మీద చూశారు?

కోరమంగళలో సాఫ్ట్‌వేర్ పనిచేసే మా తమ్ముడి కొడుకు ఒక ఆదివారం భోజనానికి వచ్చి, యంత్రాన్ని అటూ ఇటూ తిప్పి, "అత్తా, ఇందులో ఎస్‌డీ కార్డు ఉంది, ఎప్పుడైనా చూశావా?" అన్నాడు. ఆస్కార్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఒకటి ఉంది. కార్డులో ఉన్నదంతా అందులో గీతలుగా కనిపిస్తుంది. రాత్రంతా ప్రెషర్ ఎక్కడ ఎంత ఉంది, గాలి ఎప్పుడు కారింది, ఊపిరి ఎక్కడ ఆగింది, అన్నీ నిమిషాలతో సహా ఉన్నాయి. నేను మాస్కు పీకేసిన ప్రతి రాత్రీ, దానికి కొంచెం ముందు లీకు గీత గోడలా నిటారుగా లేచి ఉంది. ఇదంతా వైర్‌లెస్‌గా ఎక్కడికో వెళ్తూనే ఉంది కూడా. ఆ లాగిన్ డీలరు ఆఫీసులో ఉందట, తెరిచి చూసే పని ఎవరికీ అప్పగించలేదట.

ఆ గీతల ప్రింటు తీసుకుని వెళ్తే డాక్టరమ్మ ఐదు నిమిషాలు చూసింది. కింది హద్దు 7కు పెంచింది, పై హద్దు 12కు దించింది, ఊపిరి వదిలేటప్పుడు ప్రెషర్ కాస్త తగ్గే సదుపాయాన్ని పెట్టించింది, ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న మాస్కు రాసింది. అదే డీలరు అబ్బాయి ఈసారి మూడు మాస్కులు తెచ్చి, డాక్టరు కాగితం ఉంది కాబట్టి ఓపికగా కూర్చుని, నన్ను మంచం మీద పడుకోమని, ప్రెషర్ పెట్టి, ఎడమకూ కుడికీ తిరగమని చూశాడు. కూర్చుని చూస్తే అన్ని మాస్కులూ సరిపోతాయి. పడుకుని పక్కకు తిరిగితేనే ఏది లేస్తుందో తెలుస్తుంది. ఈ ముక్క ఆ అబ్బాయికి మొదటినుంచీ తెలుసు. మొదటిసారి అడిగినవాళ్లు లేరు, అతనికి అంత సమయం ఇచ్చినవాళ్లూ లేరు.

ఆ తర్వాత కూడా జన్మ మారిపోలేదు. ముక్కు ఎండేది, డిసెంబరు చలికి గొట్టంలో తేమ నీళ్లై ముక్కులోకి చిందేది. తేడా నాకు ఆఫీసులో తెలిసింది. నెలాఖరు మధ్యాహ్నాలు జీఎస్‌టీ లెక్కల ముందు కూర్చున్నప్పుడు అంకెలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోవడం తగ్గింది, ఒకే వరుసను మూడోసారి కూడే అవసరం తప్పింది.

నా వాదనకు అడ్డొచ్చేవి

మా మరిది డాక్టరు. ఇదంతా విని, "వదినా, సంతోషమే, కానీ అది గుండెను కాపాడుతుందని మాత్రం అనుకోవద్దు" అని 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చిన సేవ్ అనే అధ్యయనం గురించి చెప్పాడు. అప్పటికే గుండెజబ్బో పక్షవాతమో ఉన్న 2,717 మందిని తీసుకుని కొన్నేళ్లు గమనిస్తే, సీపాప్ పెట్టుకున్నవారిలో గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. పగటి నిద్రమత్తు, మనసు స్థితి మాత్రం మెరుగుపడ్డాయి. ఈ అధ్యయనాన్ని సమర్థించుకునేవారూ తప్పుపట్టేవారూ ఇద్దరూ ఎత్తిచూపే అంకె ఒకటుంది: అందులో పాల్గొన్నవారు సగటున రాత్రికి 3.3 గంటలే యంత్రం వాడారు.

ఆ 3.3 నా వాదనకే ఎదురు తిరుగుతుంది. పరిశోధన అంటే పిలిచి అడిగేవాళ్లు, తనిఖీ చేసేవాళ్లు ఉంటారు. యంత్రాన్ని అసలు భరించలేనివారిని ముందే ఒక వారం డమ్మీ యంత్రంతో పరీక్షించి తీసేశారు కూడా. ఇంత చేసినా మూడు గంటల చిల్లరే అయితే, మన ఆస్పత్రుల్లో ఒక టెక్నీషియన్‌ను పెట్టినంత మాత్రాన ఏం ఒరుగుతుంది? దీనికి నేను చెప్పుకున్న సమాధానం ఇది. పగలు విపరీతమైన నిద్రమత్తు ఉన్నవాళ్లను ఆ అధ్యయనంలోకి తీసుకోలేదు. రాత్రి పెట్టుకున్నదానికి పగలు ఫలితం కనిపించనివాళ్లు, ఎప్పుడో రాబోయే గుండెపోటు ఆగుతుందన్న భరోసాతో మాస్కు కట్టుకుని ఎంతకాలమని పడుకుంటారు? అందుకని నా అభిప్రాయాన్ని కొంత కుదించుకున్నాను. పగటిపూట బాధ ఉన్నవాళ్ల విషయంలో, వాడలేకపోవడానికి కారణం ముందు అమరికలో వెతకాలి, మనిషిలో కాదు. ఏ బాధా లేకుండా ఎవరో చెబితే పరీక్ష చేయించుకుని అంకె చూసి భయపడినవాళ్ల సంగతి వేరు. వాళ్లకు నేను నమ్మకంగా ఏదీ చెప్పలేను.

లావు వల్లే ఈ జబ్బు వస్తుంది, బరువు తగ్గితే చాలు అనే మాటకొస్తే, అది చాలామంది విషయంలో నిజమే. 2024 డిసెంబరులో బరువు తగ్గించే టిర్జెపటైడ్ అనే ఇంజెక్షన్‌ను స్థూలకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్నవారికి వాడడానికి అమెరికా ఆమోదించింది. 2025 మార్చి నుంచి ఆ మందు మన దగ్గరా దొరుకుతోంది, ధర మాత్రం ప్రతినెలా గుచ్చుకునేదే. కానీ నాలాగా చిన్న దవడ, ఇరుకు గొంతు ఉండి, పెద్దగా లావు లేకుండానే ఈ జబ్బు తెచ్చుకున్నవాళ్లు ఆసియా దేశాల్లో తక్కువేం కాదు. వాళ్లను కూడా బరువు తగ్గి రమ్మని పంపడం, అలవాటు కాలేదని రాయడం, రెండూ ఒకే కలం నుంచి వచ్చేవే.

ప్రాణాయామంతో పోతుందని ఆఫీసులో కనీసం ముగ్గురు చెప్పారు. నేను దాన్ని కొట్టిపారేయను. నాలుకకూ గొంతుకూ చేయించే వ్యాయామాలతో మధ్యస్థ ఆప్నియా కొంత తగ్గినట్టు 2009లో బ్రెజిల్ వైద్యులు చూపించారు. 2006లో స్విట్జర్లాండ్‌లో 25 మంది మీద జరిగిన ఇంకో పరీక్షలో, ఆస్ట్రేలియా ఆదివాసుల ఊదుడు వాద్యం డిజరిడూను నెలల తరబడి వాయించినవారిలో కూడా ఆప్నియా తగ్గింది. మన నాదస్వర విద్వాంసులను ల్యాబులో పడుకోబెట్టి ఎవరైనా చూస్తే బాగుండునని నాకు ఎప్పటినుంచో కోరిక. అయితే ఏహెచ్‌ఐ 26లో కొంత తగ్గినా మిగిలేది జబ్బే, దానికి మళ్లీ యంత్రమే కావాలి.

ఎంత బాగా అమర్చినా మాస్కును భరించలేనివాళ్లు ఉంటారన్నది కూడా కాదనలేను. మూసిన గదులంటే భయపడేవాళ్లు ఉంటారు, ముక్కు లోపలి గోడ పూర్తిగా వంకర తిరిగినవాళ్లు ఉంటారు. కింది దవడను ముందుకు నిలిపి ఉంచే పంటి పరికరం, వెల్లకిలా పడుకున్నప్పుడే ఆప్నియా వచ్చేవారికి పక్కకు తిప్పి పడుకోబెట్టే పద్ధతులు, కొందరికి ఆపరేషన్, ఇవన్నీ వాళ్ల కోసం ఉన్నవే. మాస్కు అలవాటు కాలేదని రాసి ఫైలు మూసేస్తే ఈ దారులు కూడా దానితో పాటే మూసుకుపోతాయి. మా ఆఫీసులో ఒకాయనకు పంటి పరికరం అనేది ఒకటుందని నేను చెబితేనే తెలిసింది. అప్పటికే ఆయన తన సీపాప్‌ను అమ్మేసి ఉన్నాడు.

చీటీలో ఉండవలసినవి

అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ బీమా, మొదటి మూడు నెలల్లో ఏదైనా వరుస 30 రోజుల్లో 70 శాతం రాత్రులు కనీసం 4 గంటల చొప్పున యంత్రం వాడినట్టు డేటా చూపిస్తేనే డబ్బు కట్టడం కొనసాగిస్తుంది. పోలీసు పద్ధతే అది, నాకు నచ్చదు. నాలుగు గంటలు దాటగానే మాస్కు తీసి పడేసే వాళ్లను కూడా అది తయారుచేస్తుంది. కానీ దాని వల్ల ఒక మేలు ఉంది: ఆ మూడు నెలల్లో డేటాను ఎవరో ఒకరు తెరిచి చూడక తప్పదు. మన దగ్గర డబ్బు పేషెంటే కడతాడు కాబట్టి చూడవలసిన అవసరం ఎవరికీ లేదు. నిమ్హాన్స్ వంటి మెదడు, మనోవైద్య సంస్థలో ఎన్నో ఏళ్లుగా నిద్ర మీద పరిశోధన జరుగుతున్న ఈ నగరంలో తెలిసినవాళ్లు లేరని అనలేం. తెలిసినవాళ్లకూ యంత్రం కొన్నవాళ్లకూ మధ్య ఉన్న మనిషి డీలరు పంపిన అబ్బాయి ఒక్కడే. అతనికి జీతం అమ్మకం మీద, నా నిద్ర మీద కాదు.

అందుకని ఇప్పుడు నన్ను అడిగినవాళ్లకు నేను చెప్పేది ఇదే. చీటీలో ప్రెషర్ కింది హద్దు, పై హద్దు, మాస్కు రకం, మళ్లీ రావలసిన తేదీ రాయించుకోకుండా డబ్బు కట్టకండి. వీలైతే మొదటి నెల అద్దెకు తీసుకోండి. మన ఊళ్లో అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు. మాస్కులు పడుకుని చూపించమని అడగండి. కార్డులోని డేటా మీది, దాని ప్రింటు లేకుండా డాక్టరు దగ్గరికి తిరిగి వెళ్లకండి. ఇవి అడిగితే విసుక్కునే డాక్టర్లు ఉంటారని నాకు తెలుసు, చదువుకున్నవాళ్లం కాబట్టి మనం అడగగలుగుతున్నామని కూడా తెలుసు. చింతామణి నుంచో హిందూపురం నుంచో బస్సెక్కి వచ్చి, అప్పు చేసి యంత్రం కొని, ఊరెళ్లాక మాస్కు కారుతుంటే ఎవరికి ఫోన్ చేయాలో తెలియనివాళ్ల తరఫున అడగవలసింది ఆస్పత్రి. ఒక టెక్నీషియన్‌ను పెట్టి, అతని సమయానికి విడిగా బిల్లు వేసినా నాకు అభ్యంతరం లేదు. అటక మీద దుమ్ము పట్టే యాభై వేలతో పోలిస్తే అది ఎంతని?